పాతిక అంటే కిటికీ

జులై 2

ఇవాళ ప్రాక్టికల్ మొదటి క్లాసు. ప్రొఫెసర్ మేడమ్ ఒక్కొక్కళ్ళనీ లేపి, హెల్త్‌కేర్ ఇన్ఫర్మాటిక్స్‌ని మైనర్‌గా ఎందుకు తీసుకున్నావని అడిగింది. ముందు బెంచీ వాళ్ళు ఆరోగ్యం, సమాజం, సేవ అంటూ పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పారు. తర్వాత పొడుగు లేచాడు. వాడు లేస్తే ఫ్యానుకి భయం. "ఇందులో పొద్దున్న క్లాసులు లేవు మేడమ్" అన్నాడు.

నిజానికి నాదీ అదే కారణం. మేజర్ స్టాటిస్టిక్స్, పక్కన ఏదో ఒక మైనర్ ఉండి తీరాలి కాబట్టి పొడుగు ఏది తీసుకుంటే నేనూ అదే. కానీ ఆ జవాబు వాడు ముందే వాడేసుకున్నాడు. అందుకని "మా నాన్నకి పక్షవాతం మేడమ్" అన్నాను.

అబద్ధం. మైనర్ తీసుకున్నది నిరుడు, నాన్న పడిపోయింది ఈ మార్చిలో. క్లాసంతా జాలిగా చూసింది. మేడమ్ మాత్రం కళ్ళజోడు పైకి తోసుకుని, "మాట పోయిందా?" అంది. తల ఊపాను. "అయితే నిన్ను స్పీచ్ విభాగంలో వేస్తాను. పొడుగబ్బాయి కూడా నీతోనే." ఊరికే నోరు జారినందుకు పని తగులుకుంది.

జులై 4

మేమిద్దరం చెయ్యాల్సింది ఇది. ఆసుపత్రిలో స్పీచ్ విభాగం అంటే రెండు చిన్న గదులు, ఒక నిలువుటద్దం, ఒకే ఒక్క స్పీచ్ మేడమ్. రోజూ వచ్చి మాటలు నేర్చుకునేవాళ్ళకి ఉన్న చోట్లు కొన్నే. బయట బెంచీల మీద చోటు కోసం చూసేవాళ్ళు బోలెడు మంది. ఎవరికి ఇంకా రోజూ శిక్షణ కావాలి, ఎవరు నెలకోసారి వస్తే చాలు అన్నది తేల్చడానికి ఆసుపత్రి వాళ్ళు కొత్తగా యాప్ పెడుతున్నారు. ఇంట్లోవాళ్ళు రోజూ సాయంత్రం ఒక్క ప్రశ్నకి జవాబివ్వాలి. ఇవాళ ఆయన చెప్పింది మీకు ఎంతవరకు అర్థమైంది? సున్నా నుంచి ఐదు దాకా స్కోరు.

ప్రశ్న రాసింది నేను. రెండు వారాలు వరసగా నాలుగుకి తగ్గకుండా ఉంటే నెలకోసారికి మార్చాలన్న రూలు రాసిందీ నేనే. పొడుగు బొత్తాల రంగులు చూసుకున్నాడు. స్పీచ్ మేడమ్ అంతా చదివి, "బానే ఉందమ్మా, సులువుగా ఉంది" అంది. నాన్న రోజూ వెళ్ళేది ఆమె దగ్గరికే కాబట్టి మొదట నాన్న వివరాలే ఎక్కించాను.

వచ్చేటప్పుడు అడిగాను, మాట మళ్ళీ వస్తుందా మేడమ్ అని. "మొదటి ఏడాదిలో ఎంత పని చేయిస్తే అంత వస్తుంది. తర్వాత రాదని కాదు, బండి ఎత్తెక్కినట్టు ఉంటుంది" అంది. అప్పటినుంచి మార్చి, ఏప్రిల్, మే అంటూ వేళ్ళు మడుస్తూనే ఉన్నాను. లెక్కలు నాకు జబ్బు.

జులై 5

నాన్న కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడు. బుట్టల మధ్య బల్లెక్కి ధర చెబుతుంటే రోడ్డవతల టీ తాగుతున్నవాళ్ళు కూడా తెలియకుండానే చెయ్యెత్తేవాళ్ళట. నోరే పెట్టుబడి. ఆ నోట్లో ఇప్పుడు ఒకే ఒక్క మాట మిగిలింది. పాతిక.

నీళ్ళు కావాలంటే పాతిక. ఫ్యాను వెయ్యాలంటే పాతిక. నన్ను పిలవాలన్నా పాతికే. తను సరైన మాటే అంటున్నాననుకుంటాడు. మనం తెల్లమొహం వేస్తే, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూస్తాడు. "ఇన్నేళ్ళ కాపురానికి మీ నాన్న నాకు వందకి వేసిన మార్కులే అవి" అంటుంది అమ్మ. అమ్మ పిల్లల కేంద్రంలో ఆయా. పొద్దంతా మాటలు రాని పిల్లలతో, సాయంత్రం మాట పోయిన మొగుడితో. "ఇక నాతో మాట్లాడాల్సింది నువ్వు, నువ్వేమో ఆ ఫోనులో తల పెట్టుకుని కూర్చుంటావు" అని నా మీద కేసు.

అయినా పాతికల్లో తేడాలుంటాయి. సాగదీస్తే నీళ్ళు. కొస పైకి లేపితే, మీ అమ్మ వచ్చిందా అని. వెంటవెంటనే రెండుసార్లు పొట్టిగా అంటే టీవీ గొడవ ఆపమని. మొత్తం అర్థమవుతుంది. సాయంత్రం యాప్ తెరిచి నాలుగు ఇచ్చాను.

జులై 9

నాలుగు.

జులై 10

నాలుగు. ఐదు ఇద్దామనుకుని, తండ్రి కదా అని ఎక్కువేసింది అంటారేమోనని ఆగాను. నేను పక్షపాతం చూపించే రకం కాదు.

జులై 13

నాన్నకి గడ్డం గీశాను. కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. తనే గీసుకుంటానని మొండికేసి, నిన్న ఎడమ చేత్తో చెవి కింద తెగ్గోసుకున్నాడు. ఇవాళ వెలుతురులోకి కుర్చీ లాగి, మెడకి తువ్వాలు చుట్టి, నురగ పూశాను. "పాతిక" అన్నాడు. మీసం జోలికి పోవద్దని. "పోనులే నాన్నా" అన్నాను. "పాతిక, పాతిక." ఎడమ దవడ మీద ఇంకా ఉందని. "కనపడుతోంది, కదలకు."

కాసేపాగి మెల్లగా, "పాతిక" అన్నాడు. అది ఏ పనికీ అన్నది కాదు. నా చెయ్యి ఆయన గడ్డం కింద ఉంది, ఆయన కళ్ళు నా మొహం మీద ఉన్నాయి. అదేమిటో నాకు తెలుసు. రాయను.

ఐదు.

జులై 18

ఐదు. ఈ లెక్కన దసరా బుల్లోడిలా తిరిగేస్తాడు అంది అమ్మ, కొత్త చొక్కా వేసుకున్న నాన్నని చూసి. నాన్న "పాతిక" అన్నాడు, వెక్కిరించకని. అదీ అర్థమైంది.

జులై 24

శుక్రవారం, యాప్ లెక్క తీసే రోజు. పొద్దున్నే మెసేజ్ వచ్చింది. మీ ఇంటివారి పురోగతి సంతృప్తికరంగా ఉన్నది. రోజువారీ శిక్షణ ముగిసినది. ఇకపై నెలకోసారి రాగలరు. ఆ వాక్యాలు కూడా నేను రాసిచ్చినవే, 'సంతృప్తికరం' దగ్గర పొడుగుతో పోట్లాడి మరీ.

అమ్మ చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. "అంటే నయమైపోయినట్టేనా?" "దాదాపు" అన్నాను. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పనికి ఆలస్యమైందని కూడా చూడకుండా పక్కింటావిడకి చెప్పొచ్చింది. నాన్నకి చెబితే "పాతిక" అన్నాడు. సంతోషమనే అనుకుంటున్నాను.

రోజూ రెండు బస్సులు మారి తీసుకెళ్ళే పని కూడా తప్పింది. అందుకోసం కాదు, ఊరికే రాశాను.

జులై 25

చివరి క్లాసు. స్పీచ్ మేడమ్ యాప్‌లో నాన్న గీత చూసి కనుబొమలు ఎత్తింది. గీత మెట్లెక్కినట్టు పైకే పోతోంది. "ఇంట్లో అంత బాగా మాట్లాడుతున్నారా? ఇక్కడ నాతో ఒక్క ముక్క రాలేదే."

"ఇక్కడ మొహమాటం మేడమ్."

"వేలం వేసినాయనకి మొహమాటమా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. "సరేలే, ఇంట్లో మాట్లాడటమే కదా అసలు కావాల్సింది" అంటూ నాన్న చెయ్యి పట్టుకుని, వచ్చే నెల కలుద్దామని చెప్పింది. మేము బయటికి వస్తుంటే ఒకావిడ లోపలికి వెళ్ళింది. బడిలో టీచరట. నాన్న చోటు ఆమెకిచ్చారు. ఆమె భర్త మాకు నమస్కారం పెట్టాడు, మేమేదో దానం చేసినట్టు.

జులై 28

ప్రాక్టికల్ రిపోర్టు రాద్దామని పొడుగు ఇంటికొచ్చాడు. అమ్మ పనిలో ఉంది. పాలు లేవని నేను అలా వెళ్ళి ఇలా వచ్చేలోపు ఇంట్లో భూకంపం వచ్చినట్టుంది. నాన్న మంచం చుట్టూ నీళ్ళ గ్లాసు, పేపరు, తువ్వాలు, మందుల డబ్బా, దువ్వెన, చెప్పులు, ఆఖరికి బకెట్టు కూడా. మధ్యలో పొడుగు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. నాన్న మొహం కందగడ్డలా ఉంది. "పాతిక" అని అరుస్తున్నాడు. "పాతిక. పాతిక."

నేను వెళ్ళి కిటికీ తలుపు తీశాను. గాలి వచ్చింది. నాన్న వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"నీకెలా తెలిసిందే?" అన్నాడు పొడుగు.

"చెప్పాడుగా."

"ఏం చెప్పాడు?"

"కిటికీ తియ్యమని."

"పాతిక అన్నాడు" అన్నాడు వాడు. వాడిలో వెటకారం లేదు. బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. "నేను వచ్చినప్పటినుంచీ పాతిక తప్ప ఇంకో మాట అనలేదు. నువ్వేమో ఐదులు వేస్తున్నావు."

టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించకుండా నిలబడ్డాను. ఎండ ఆ గోడ మీద పడే వేళ అది. రోజూ ఆ వేళకి కిటికీ తీస్తాను. ఆయన అడగకపోయినా తీస్తాను.

జులై 29

ఈ రోజు స్కోరు ఇవ్వలేదు.

జులై 31

ప్రొఫెసర్ మేడమ్ గదికి వెళ్ళాను. నా రూలు, నా స్కోర్లు, నాన్న చోటు పోవడం, అన్నీ చెప్పాను. పొడుగు తోడొస్తానని వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. వాడి తల మాత్రం లోపలికే కనపడుతోంది.

"అబద్ధపు స్కోర్లు వేశావా?" అంది మేడమ్.

"లేదు మేడమ్. నాకు నిజంగానే అర్థమైంది."

"అదే వచ్చిన చిక్కు. అబద్ధమైతే తుడిచేసి ఊరుకుందును. నువ్వు కొలిచింది మీ నాన్నగారి మాటని కాదమ్మా, నీ చెవిని." తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ చూపించి, కంప్యూటర్ తన వైపు నుంచి నా వైపు తిప్పింది. "మిగతావాళ్ళవి చూద్దాం పట్టు."

ఒక్కో ఇల్లే తెరిచాం. భార్యలు, కొడుకులు, కోడళ్ళు, ఒక తమ్ముడు. అందరూ నాలుగులూ ఐదులే. నెల తిరక్కుండానే ఇంతమంది బాగుపడిపోయారా అని ఆసుపత్రి వాళ్ళు సంబరపడుతున్నారట. ఎవరి మనిషి వాళ్ళకి అర్థమవుతాడు కదా. ఇంత చిన్న సంగతి తట్టలేదు నాకు, స్టాటిస్టిక్స్‌లో క్లాసు ఫస్టు. నేను తవ్విన గోతిలో నాన్న పడ్డాడు, ఆయన వెనకే ఇంకా కొందరు.

ప్రశ్న మార్చాం. ఇకమీద స్కోరు వేసేది ఇంటి మనిషి కాకూడదు. నెలకోసారికి మారినవాళ్ళందరినీ మళ్ళీ పిలిచి కొత్త మనిషి ముందు కూర్చోబెట్టాలి. నాన్న చోటు అడగడానికి నోరు రాలేదు. మేడమే అంది, "ఆ చోటు ఇప్పుడు టీచరమ్మది. లాక్కోలేం." నేను తల ఊపాను. బయటికి వచ్చాక పొడుగు నాతో బస్టాపు దాకా నడిచి, బస్సు వచ్చాక, "నీ ఐదుల్లో తప్పేం లేదే" అన్నాడు. ఎక్కేశాను. ఏడుపు బస్సులో వచ్చింది.

ఆగస్ట్ 3

ఇది రాయాలని లేదు. రాస్తాను.

కొత్త పరీక్ష. మందుల కౌంటర్లో కూర్చునే అమ్మాయిని కొత్త మనిషిగా పిలిచారు. బల్ల మీద బొమ్మలు పెట్టారు. చెంచా, గొడుగు, తాళం. నాన్న ఒక్కొక్కటీ ఆమెకి చెప్పాలి, ఆమె బొమ్మ చూడకుండా కనుక్కోవాలి. నేను గోడ పక్కన కూర్చున్నాను, అందించకూడదన్న షరతు మీద.

నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని, మార్కెట్లో పెద్ద వ్యాపారితో మాట్లాడుతున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. చెంచా చూసి "పాతిక" అన్నాడు.

"ఇరవై అయిదా అండీ? ఏమిటివి ఇరవై అయిదు?" అంది ఆ అమ్మాయి. పాపం చాలా మర్యాదగా అడిగింది.

నాన్న నవ్వాడు, సరిగ్గా వినలేదనుకుని. మళ్ళీ చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గొడుగు. తాళం. అప్పుడు నా వైపు తిరిగాడు. నువ్వు చెప్పవే ఈ పిల్లకి, అన్నట్టు. నేను నేల వైపు చూశాను. ఇంకా చూస్తూనే ఉన్నాడని తెలుసు. తల ఎత్తలేదు.

ఎప్పటికో ఆయన చెయ్యి నోటి దగ్గరికి పోయింది. పెదవులు తడుముకున్నాడు, అక్కడ ఏం తగిలిందో చూసుకున్నట్టు.

సున్నా.

ఆగస్ట్ 4

పాతిక కూడా అనడం లేదు.

ఆగస్ట్ 5

అనలేదు.

ఆగస్ట్ 6

గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. నీళ్ళ గ్లాసు తీసుకెళ్తే తాగుతాడు, తీసుకెళ్ళకపోతే అడగడు. ఇన్నాళ్ళూ తను మాట్లాడుతున్నాననే అనుకున్నాడు. మేమే అనుకోనిచ్చాం. ఇప్పుడు తెలిసింది. తెలియజెప్పింది నేను.

అమ్మ ఇవాళ జోకులు వెయ్యలేదు. అన్నం కలిపి ముద్దలు పెడుతూ, ఎప్పుడూ లేనిది, ఆయన తలకి నూనె రాస్తావా అని నన్ను అడిగింది. రాశాను. నూనె రాస్తున్నంతసేపూ ఒక్క పాతిక వినపడితే చాలనుకున్నాను. ఎందుకూ పనికిరాని మాటే. అదైనా చాలు.

ఆగస్ట్ 8

ఉండబట్టలేక స్పీచ్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. భోజనం డబ్బా తెరిచి కూర్చుంది. నన్ను చూసి మూత మీద కొంచెం అన్నం తీసి నా ముందు పెట్టింది. తినకుండానే చెప్పాను. మాట్లాడటం మానేశాడని, పరీక్ష పెట్టకుండా ఉండాల్సిందని, నా వల్లే అని.

"ముందు తిను" అంది. తిన్నాను. "సున్నా వచ్చింది కాబట్టి ఈ నెలాఖరుకి ఖాళీ అయ్యే మొదటి చోటు మీ నాన్నగారిదే. అది నేను చూసుకుంటాను. అప్పటిదాకా ఇంట్లో పని నీది. ఒకటి చెప్పు, ఆయనకి దాహమేస్తే ఏం జరుగుతుంది?"

"నీళ్ళిస్తాం."

"ఆయన నోరు తెరిచే లోపే ఇస్తారు. మాట కోసం ఆయన వెతుక్కునే పని మీరు పడనిస్తేగా? ఇవాళ్టి నుంచి నీకు అర్థం కాకూడదు."

"అర్థమైపోతే?"

"కానట్టు నటించు. 'నీ' అని మొదటి శబ్దం నువ్వందించు. మిగతాది ఆయన్ని లాక్కోనీ. కోపం వస్తుంది. రానీ. కోపం వచ్చినవాడు మాట్లాడతాడు."

నాకు నటన రాదు. చిన్నప్పుడు బడి నాటకంలో చెట్టు వేషం ఇస్తే, అందులోనూ నవ్వేశాను.

ఆగస్ట్ 10

నాన్నని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాట రావట్లేదని తెలుసు, నువ్వు వెతుకు, నేను ఇక్కడే ఉంటాను, కానీ అందివ్వను అన్నాను. విన్నాడో లేదో. పొద్దున ఎండ ఎక్కాక చెమట పడుతోంది ఆయనకి. కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏం కావాలి నాన్నా?" అన్నాను. నోరు తెరిచాడు, మూశాడు. "కి" అన్నాను. గోడ వైపు తిరిగిపోయాడు. చొక్కా వీపు మీద తడిసిపోయింది. నేను స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి కిటికీ తీసి ఉంది. అమ్మ విసనకర్రతో విసురుతోంది కూడా.

"అమ్మా."

"నాకు ఉక్కగా ఉంది, నా కోసం తీశాను" అంది.

ఆగస్ట్ 13

అమ్మతో పెద్ద గొడవ. కేంద్రంలో పిల్లలు బంతి వైపు చెయ్యి చూపిస్తే ఊరికే ఇవ్వదట, 'బం' అనిపించాకే ఇస్తుందట. ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే పని. ఇంట్లో మాత్రం నాన్న కన్ను తిరిగితే చాలు, మంచినీళ్ళు, మజ్జిగ, దుప్పటి, అన్నీ చేతిలోకి వచ్చేస్తాయి.

"ఆ పిల్లలు నా పిల్లలు కారే" అంది చివరికి. గిన్నెలు తోమడం ఆపేసి నా వైపు తిరగకుండానే అంది. "ఈయన అడగకుండా ఏదీ పెట్టలేదు నేను ఇన్నేళ్ళూ. నోరుంది కదా, అడుగుతాడులే అనుకున్నాను. ఇప్పుడు అడగలేనివాడిని అడగమని కూర్చోవాలా?"

వెనకనుంచి పట్టుకున్నాను. చేతులకి సబ్బు ఉందని తను కదల్లేదు.

ఆగస్ట్ 16

ఆదివారం. పొడుగు వచ్చాడు. నాన్న దగ్గర కూర్చుని కబుర్లు చెప్పాడు, వాడి హాస్టల్ మంచం పొట్టిదని, కాళ్ళు కిటికీలోంచి బయటికి పెట్టుకుని పడుకుంటాడని. నాన్న గోడ వైపు నుంచి ఇటు తిరిగి విన్నాడు. ఇకమీద ప్రతి ఆదివారం కొత్త మనిషిగా వాడే వచ్చి స్కోరు వేస్తానన్నాడు. "రిపోర్టు కోసం" అన్నాడు. రిపోర్టు కిందటి వారమే ఇచ్చేశాం.

సున్నా వేశాడు. వేస్తూ నాకు చూపించలేదు, నేను చూశాను.

ఆగస్ట్ 19

పాతిక అన్నాడు. పొద్దున్నే, గ్లాసు చూసి, విసుగ్గా. ఎంత హాయిగా ఉందో. "అర్థం కాలేదు నాన్నా. నీ..." అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూశాడు. "నీ" అన్నాడు. ఆ తర్వాత నోరు దారి తప్పి మళ్ళీ పాతికకే పోయింది. గ్లాసు ఇచ్చాను. ఎడమ చేత్తో లాక్కుంటే సగం నా మీద ఒలికింది.

ఆగస్ట్ 23

నటించలేకపోయాను. జ్వరంగా ఉంది ఆయనకి. పాతిక అనగానే అన్నీ చేశాను. అమ్మ చూసి ఏమీ అనలేదు. ఆదివారమే అయినా పొడుగు స్కోరు వెయ్యలేదు, జ్వరం రోజు లెక్కలోకి రాదని రూలు పెట్టాడు. వాడు పెట్టిన మొదటి మంచి రూలు.

ఆగస్ట్ 31

చోటు వచ్చింది. రోజూ సాయంత్రం, ఆఖరి క్లాసు. టీచరమ్మ వరండాలో ఎదురైంది. ఆగి, నోరు కూడదీసుకుని, "బా... బాగు... న్నారా" అంది నాన్నతో. ఆమె భర్త నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. నాన్న ఆమెకి నమస్కారం పెట్టి, లోపలికి వెళ్ళి అద్దం ముందు కూర్చున్నాడు. కుర్చీ తనే దగ్గరికి లాక్కున్నాడు.

సెప్టెంబర్ 4

"నీళ్ళు." మొత్తం మాట. స్పీచ్ మేడమ్ దగ్గర ఒకసారి, ఇంట్లో ఒకసారి. ఇంట్లో అన్నది అమ్మతో. అమ్మ బిందె తెచ్చినంత పని చేసింది.

సెప్టెంబర్ 9

ఇప్పుడున్నవి నీళ్ళు, అన్నం, వద్దు. వద్దు అన్నది బాగా కుదిరింది, అన్నిటికీ వాడుతున్నాడు. మందులు వద్దు, గడ్డం గీయడం వద్దు, నేను పక్కన కూర్చుని "గ్లా", "దు", "తా" అంటూ అందించడం అసలే వద్దు. నేను అర్థం కానట్టు మొహం పెడితే చాలాసేపు నన్నే చూస్తున్నాడు. కోపం కాదు. మార్కెట్లో కుళ్ళిన సరుకు తెచ్చినవాడిని చూసినట్టు.

ఒక్కోసారి అనిపిస్తుంది, ఆయన పాతికలన్నీ అర్థమయ్యేది ప్రపంచంలో నాకూ అమ్మకే కదా, ఆ ఇద్దరిలో ఒకదాన్ని ఆయన దగ్గరనుంచి తీసేసుకున్నాను అని. స్పీచ్ మేడమ్‌కి చెబితే, "మళ్ళీ ఇచ్చేస్తావులే" అంది. ఎప్పుడో చెప్పలేదు.

సెప్టెంబర్ 13

ఆదివారం.

పొడుగు వచ్చి ఎప్పటిలా మంచం పక్క కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు, ఫోనులో యాప్ తెరిచి. నాన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వీపు నొప్పిగా ఉంది, తలగడ కావాలి. తలగడ నా పక్కనే ఉంది. ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఆయన చూపు దాని మీదే ఉంది.

"ఏం కావాలి నాన్నా?"

"త" అన్నాడు, నేను అందించకుండానే. "త... తలు... తలుపు."

నేను లేచి తలుపు వేసి వచ్చాను. పద్ధతి అదే, ఏ మాట అంటే ఆ పనే చెయ్యాలి. నాన్న తలుపు వైపు చూశాడు. "వద్దు." తీసి వచ్చాను. మళ్ళీ ప్రయత్నించాడు. "త... తాళం." తాళం తెచ్చి చేతిలో పెట్టాను. నా మొహం చెట్టు వేషం కంటే బాగానే ఉందనుకుంటాను. నాన్న తాళం వైపు చూశాడు. తలగడ వైపు చూశాడు. నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను వదిలేసి పొడుగు వైపు తిరిగాడు. బయటి మనిషి కదా, న్యాయం చెబుతాడని కాబోలు. ఎడమ చెయ్యి ఎత్తి నన్ను చూపించాడు.

"ఇది," అన్నాడు. పెదవులు తడుపుకున్నాడు. "ఇది... న... నటి... నటిస్తోంది."

పొడుగు కుర్చీలోంచి సగం లేచాడు. తర్వాత తల ఊపాడు. "అవునంకుల్" అన్నాడు. "నటిస్తోంది. నాకూ తెలుసు." వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఫోను ఒళ్ళోంచి జారి కింద పడింది.

తలగడ తీసుకుని ఆయన మీద పడిపోవాలనుంది నాకు. తలగడ ఒళ్ళో పెట్టుకుని, ఎంత కష్టమైందో ఎవరికీ తెలియదు, "ఏమన్నావు నాన్నా? అర్థం కాలేదు" అన్నాను.

"నటిస్తోంది" అన్నాడు నాన్న, ఈసారి గట్టిగా, ఆపకుండా. "దొంగ."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. స్టవ్ ఆపిన చప్పుడు వినపడింది. అమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది, కళ్ళూ ముక్కూ ఏకమై ఉన్నాయి. కొంగుతో మొహం తుడుచుకుని నాన్న వైపు చూసింది.

"నాకూ అర్థం కాలేదండీ" అంది. "ఇంకోసారి చెప్పండి."